కనుమ మూసేలోగా

కనుమ మీద, వాతావరణ కేంద్రం
వానలు వెనకబడిన వారం

పండ్లకొట్టు శ్రీవారికి,

నేను క్షేమం. మీరు, మీ త్రాసు, త్రాసు పళ్ళెంలో పడుకునే పక్క కొట్టువాళ్ళ పిల్లి కూడా క్షేమమని తలుస్తాను.

ఇక్కడ అప్పుడే చలి మొదలైంది. తెల్లారేసరికి వంటగది బల్ల మీద పాలు గడ్డకట్టి ఉన్నాయి. ఈ కేంద్రంలో నేను కాక ఉన్నది జనరేటరు తాతయ్య ఒక్కడే. జనరేటరు నడపడం, వంట చేయడం, తలకు మఫ్లరు చుట్టుకోలేదని నన్ను తిట్టడం ఆయన ఉద్యోగాలు. ఆయన ఆ పాలగిన్నె బోర్లించి చూపించి, "ఇంత చలువ ఊరికే పోతోంది కదమ్మా, ఏదైనా చేసుకు తినరాదూ" అన్నాడు. అనగానే నాకు మన సీతాఫలం చలువ గిన్నె గుర్తొచ్చింది. నోరూరింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను.

సీతాఫలాల రోజులు వస్తే ప్రతి సెలవునాడూ వంటింట్లో నేల మీద కూర్చుని చేసుకునేవాళ్ళం కదూ. మీరు పాలు కాచేవారు, నేను గింజలు తీసేదాన్ని. తీసిన గుజ్జులో సగం నా నోట్లోకే పోతుందని మీరు దెప్పేవారు. అది అన్యాయం, మూడో వంతే. పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో గింజలు తీయడమే తప్ప ఆ పాల వైపు నేను తొంగి చూసిందే లేదు. అందుకని ఎలా చేస్తారో వివరంగా రాయండి. "తగినంత" అని మాత్రం రాయకండి. గాలినీ మంచునూ కొలిచి జీతం తీసుకునేదాన్ని, నాకు కొలతలు కావాలి.

ఫోను ఇక్కడ ఎలాగూ అందదు. వారానికి రెండుసార్లు వచ్చే బస్సు డ్రైవరన్నయ్య చేతికి ఉత్తరం ఇవ్వండి. మంచు ముదిరేలోగా నా బదులు పనిచేసే మనిషి వస్తాడు, నేను దిగి వచ్చేస్తాను. అందాకా ఈ కాగితాలే దిక్కు.

మీ కొండమీది మనిషి


పండ్ల బజారు, మన కొట్టు
గల్లాపెట్టె వెనక నుంచి

మంచు దొరసాని గారికి,

నీ ఉత్తరం గల్లాపెట్టె మీద పెట్టుకుని చదువుతుంటే ఒకావిడ జామకాయలు తూచమని అరిచి అరిచి పక్క కొట్టుకు వెళ్ళిపోయింది. పోతే పోయింది.

పిల్లి క్షేమం. నా సంగతే అంతంతమాత్రం. నువ్వు లేని సెలవు రోజున ఏం చేసుకోవాలో తెలియక కొట్టు తెరిచి కూర్చుంటున్నాను. నువ్వు వెళ్ళిన వారానికే ఫ్రిజ్ మూలపడింది. బాగుచేసే ఆయన వస్తానని రెండుసార్లు కబురు చేశాడు, నేనే వద్దన్నాను. ఒక్కణ్ణీ కూర్చుని చల్లనివి తిని ఎవరికి చెప్పుకోను? చలువంతా నీ దగ్గరుంది, పండు నా దగ్గరుంది. ఇదెక్కడి కాపురమే!

ఇక పాల సంగతి. చిక్కటి పాలు అడుగంటకుండా సగానికి మరిగించు. పంచదార వెయ్యి. ఎంతంటే, తగినంత. కోప్పడకు, పండు తీపిని బట్టి ఉంటుంది. దించి పూర్తిగా చల్లారనివ్వు. వేడి మీద గుజ్జు కలిపావో, చేదెక్కి కూర్చుంటుంది. సీతాఫలానికి పొయ్యి గిట్టదు. గుజ్జును పెద్ద కన్నాల జల్లెడలో వేసి వేళ్ళతో మెత్తగా తిప్పితే గింజలు పైన మిగులుతాయి. మిక్సీ జోలికి పోకు, గింజ చిట్లితే అంతా పాడు. చల్లారిన పాలలో ఆ గుజ్జు, రెండు చెంచాల మీగడ కలిపి, గిన్నెల్లో పోసి, మూతపెట్టి చలువలో ఉంచు. గడ్డకట్టనక్కర్లేదు, గుచ్చిన చెంచా ఒరగకుండా నిలబడితే చాలు.

మీ డ్రైవరన్నయ్య చేత గంపెడు కాయలు పంపుతున్నాను. ఈ పొద్దునే కళ్ళు విప్పాయి, అంటే తొక్క మీది గళ్ళ మధ్య పసుపు గీతలు పడ్డాయి. ఇంకా గట్టిగానే ఉన్నాయి. దారిలో చితక్కుండా అడుగున గడ్డి పరిచాను. చేరగానే నీడపట్టున, చల్లటి చోట పెట్టు. వాటంతటవే మగ్గుతాయి.

తిన్నాక ఎలా ఉందో రాయి. మొదటి చెంచా ఎలా ఉందో మరీ వివరంగా రాయి. నాకూ నోరుంది.

నీ పండ్లకొట్టువాడు


కనుమ మీద, వాతావరణ కేంద్రం

శ్రీవారికి,

కాయలు చేరాయి. ఒక్కటి కూడా చితకలేదు. చేరిన మర్నాడే పండాయి, ఆ సాయంత్రమే చేశాను. మీరు చెప్పినట్టే పాలు, మీరు చెప్పినట్టే తగినంత పంచదార. అబ్బ, ఎంత బాగా కుదిరిందో! తాతయ్య అయితే గిన్నె నాకడం ఒక్కటే తక్కువ. మొదటి చెంచా కూడా బాగుంది, రెండో చెంచా కూడా బాగుంది.

మళ్ళీ మాత్రం పంపకండి, మీకు ఎందుకు శ్రమ. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, పెద్ద ఉత్తరం రాయలేకపోతున్నాను. ఒంటి మీద ధ్యాస పెట్టండి. వేళకు తినండి.

మీ
కొండమీది మనిషి


పండ్ల బజారు, మన కొట్టు

దొరసానీ,

అబద్ధమాడటం నీకు చేతకాదని పెళ్ళిచూపుల్లోనే కనిపెట్టాను. ఆ రోజు నాకు వంట వచ్చు అన్నావు.

ఆ కాయలు తోటకెళ్ళి నా చేత్తో కోసినవి. కళ్ళు విప్పిన పూటే కోశాను. గోనెలో చుట్టి వెచ్చగా పెట్టినా మూడు నాలుగు రోజులకు గాని మెత్తబడవు. నువ్వు మర్నాడు సాయంత్రమే తిన్నానంటే, చెట్టు కూడా సిగ్గుపడుతుంది. పైగా మొదటి చెంచా "బాగుంది" అట. గిన్నె మూత తీయకముందే వాసనకు గంతులేసేదానివి, నీకు ఒక్క మాటతో సరిపోయిందా?

ఎవరికైనా పంచిపెట్టావా? సంతోషం. దారిలో ఎవరైనా కాజేశారా? వాళ్ళకూ నోరుంటుంది. ఏం జరిగినా ఫరవాలేదు, రాయి. నువ్వు బాగుందని రాసిన ఉత్తరం చదివి నాకు తిన్నంత సంబరం కలగాలి కదా. కలగలేదు. నాలుగుసార్లు చదివాను, చప్పగా ఉంది.

నీవాడు


కనుమ మీద, వాతావరణ కేంద్రం

శ్రీవారికి,

పట్టుబడ్డాను.

మీరు రాసినట్టే చేశాను, అదే కొంప ముంచింది. చల్లటి చోట పెట్టమన్నారు. మీ బజారులో చల్లటి చోటంటే బల్ల కింద. ఇక్కడ చల్లటి చోటంటే కిటికీ బయట. గంపను తీసుకెళ్ళి కిటికీ బయటి అరుగు మీద పెట్టి, రోజూ పొద్దున్నే వెళ్ళి బొటనవేలితో నొక్కి చూసేదాన్ని. మెత్తబడకపోగా నల్లబడటం మొదలుపెట్టాయి. లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను, చేతులు పట్టుకుని బతిమాలడం ఒక్కటే తక్కువ. నల్లటి రాళ్ళయి కూర్చున్నాయి. తాతయ్య ఒకదాన్ని స్పానరుతో పగలగొట్టి చూశాడు. లోపలంతా గోధుమరంగు పీచు. అవి నల్లబడకముందే, బస్సు బయల్దేరుతుంటే, రేపో మాపో పండకపోతాయా అన్న ఆశతో ఆ అబద్ధం రాసి ఇచ్చేశాను.

ఆ గంపెడు కాయల్నీ మీరు ఒక్కొక్కటిగా తడిమి ఏరి ఉంటారు. అవి ఇలా అయ్యాయని రాయడానికి నాకు మొహం చెల్లలేదు.

ఒక కాయకు తొడిమ దగ్గర మాత్రం కొంచెం వాసన మిగిలింది. మన కొట్టు షట్టరు ఎత్తగానే వచ్చే వాసన. దాన్ని దిండు పక్కన పెట్టుకున్నాను. తాతయ్య చూసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. ఆయన తిట్టకుండా వెళ్ళాడంటే నా అవతారం ఎలా ఉందో ఊహించుకోండి.

మిమ్మల్ని చూడాలని ఉంది. చలువ గిన్నె అంతా ఒట్టి వంక.

మీ కొండమీది మనిషి


పండ్ల బజారు, మన కొట్టు

వాతావరణ పరిశీలకురాలు గారికి,

కాయల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నిన్న మీ డ్రైవరన్నయ్య అరటిపండ్లకని కొట్టుకు వచ్చాడు. "మా ఆవిడ సామాను ఎప్పుడు దించుతావు బావా?" అని అడిగాను. "అదేంటి బావా, చెల్లెమ్మ చలికాలమంతా అక్కడే కదా! బదులు మనిషి రావట్లేదుగా. నీకు తెలియదా?" అన్నాడు. అరటిగెల చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కనుమ మూస్తే మళ్ళీ తెరిచేది ఎండలు ముదిరాకే. అందాకా నువ్వు రావని బస్సు డ్రైవరుకు తెలుసు, కండక్టరుకు తెలుసు. కట్టుకున్నవాడికి తెలియదు. నల్లబడ్డ కాయల గురించి అంత రాశావు, దీని గురించి ఒక్క ముక్క రాయలేదు. ఒళ్ళు మండిపోయింది. ఒక ముసలాయనకు బత్తాయిలు అడిగితే దానిమ్మలు తూచి ఇచ్చాను.

సాయంత్రానికి చల్లబడ్డాను. నీ మీద కోపం నాకు ఎక్కువసేపు నిలవదు, అదో జబ్బు.

కాయల తప్పు నాదే. "నీడపట్టున, చల్లటి చోట పెట్టండి." ఈ మాట పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎంతమందికి చెబుతానో! అలవాటుగా నీకూ అదే అప్పగించాను. నా పెళ్ళాం మంచులో కూర్చుని ఉందన్న ఇంగితం ఉండొద్దూ!

నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. కాయలు మగ్గబెట్టడమే నా వృత్తి, వీటిని ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. అందుకని విను. ఈ ఏటికి కొండెక్కే ఆఖరి బస్సు ఏదో కనుక్కున్నాను. దానికి వస్తున్నాను. మర్నాడు అదే బస్సులో దిగిపోవాలి. ఒక్క పూట. ఒక్క పూటైతేనేం! ఈసారి పండినవే తెస్తాను, మెత్తటి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. పాలు కూడా ఇక్కడే కాచి, చల్లార్చి, డబ్బాలో పోసి తెస్తాను. నువ్వు గింజలు తీస్తే చాలు. సగం తినెయ్, ఏమీ అనను.

నీవాడు


కనుమ మీద, వాతావరణ కేంద్రం

ఏమండీ,

రండి.

ముందా మాట రాసేశాను, ఇక మిగతావి నెమ్మదిగా రాస్తాను. నా బదులు రావలసిన అతను మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆఫీసువాళ్ళు చలికాలం ఉంటావా అని అడిగారు. ఉంటానన్నాను. ఇక్కడ ఎవరూ లేకపోతే కనుమలో మంచెంత పడిందో కింద ఎవరికీ తెలియదు, లారీలూ బస్సులూ గుడ్డిగా ఎక్కి వచ్చేస్తాయి. ఎదురుగా ఉంటే మీకు చెప్పేదాన్నే. మీరు తిట్టేవారు, నేను ఏడ్చేదాన్ని, అయిపోయేది. ఉత్తరంలో రాస్తే మీరొక్కరే ఆ కొట్టులో కూర్చుని చదువుకుంటారు కదా. మీ మొహం తలుచుకుంటే కలం కదల్లేదు.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. కేంద్రం బయట ఒక గుంజ పాతి ఉంది. దాని మీద ఎర్ర గీత. మంచు ఆ గీతను తాకిందా, వైర్‌లెస్‌లో కింది చౌకీకి చెప్పాలి, వాళ్ళు గేటు దించేస్తారు. బస్సులో ఎవరున్నా సరే. చెప్పాల్సింది నేనే. ఇప్పటికి గీత చాలా పైనే ఉంది. రోజూ వెళ్ళి, ఇంకొక్క వారం ఆగమని ఆ గుంజను బతిమాలుకుంటున్నాను. "గుంజతో మాట్లాడేదాకా వచ్చావా అమ్మా!" అని తాతయ్య నెత్తి కొట్టుకున్నాడు.

బస్సులో కుడివైపు కూర్చోండి. ఎడమవైపంతా లోయ, మీకు కళ్ళు తిరుగుతాయి. చౌకీ దగ్గర టీ ఇస్తారు, బాగోదు, అయినా వేడిగా తాగండి. గిన్నెలు మూడూ తోమి బోర్లించాను. రెండు రోజుల నుంచి నాకు కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

మీ
నేను


కనుమ మీద, వాతావరణ కేంద్రం

ఏమండీ,

గాలి పడిపోయిన రోజు చూసుకుని మంచులో నడిచి వచ్చే తపాలా ఆయన ఈవాళ వచ్చాడు. ఆయన టీ తాగి లేచేలోగా ఇది రాసి ఇవ్వాలి.

ఆ పొద్దున లేచేసరికి కిటికీలు తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి. గుంజ దగ్గరికి వెళ్ళడానికి బూట్లు వేసుకుంటుంటే తాతయ్య టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చి, "తాగి వెళ్ళు తల్లీ, గుంజ ఎక్కడికీ పోదులే" అన్నాడు. ఎందుకన్నాడో నాకు తెలుసు. సరిగ్గా బస్సు చౌకీ దగ్గర ఆగే వేళ అది. నేను నిదానంగా టీ తాగి, నిదానంగా వెళ్ళి చూస్తే, ఈలోగా బస్సు గేటు దాటి ఉండేది. నన్నెవరూ అడగరు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను కూడా. ఒక గుక్క తాగాను.

బస్సులో ఉన్నవాళ్ళందరూ గుర్తొచ్చారని రాస్తే బాగుంటుంది. నిజానికి మీరొక్కరే గుర్తొచ్చారు. గేటు దాటాక వచ్చే లోయ వంపులో, కుడివైపు సీట్లో, ఒళ్ళో పండ్లతో. ఆ బస్సులో మీరు లేకపోతే టీ పూర్తిగా తాగేదాన్నేమో. గ్లాసు కింద పెట్టి వెళ్ళి చూశాను. గీత కనిపించలేదు, మంచులో మునిగిపోయింది.

వైర్‌లెస్ సెట్టు దగ్గర కూర్చుని "కనుమ మూసేయండి" అని చెప్పాను. అవతలి నుంచి "అందింది" అనాలి. ఆ మాట వినేదాకా మూసినట్టు కాదు. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత చౌకీదారు "అందింది" అన్నాడు. పాపం, జలుబు చేసినట్టుంది, గొంతు పూడుకుపోయింది. గాలి హోరులో సరిగ్గా తెలియక మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు. సెట్టు కట్టేసి, బోర్లించిన గిన్నెలు తీసి అలమరలో పెట్టేశాను.

అంత దూరం వచ్చిన మీ మొహం మీద తలుపు వేసింది నేనే. నా చేతులతో నేనే. తిట్టాలనిపిస్తే తిట్టండి. ఇంటికి ఎలా చేరారో రాయండి. ఆ పండ్లు ఏమయ్యాయో రాయండి. ఏదో ఒకటి రాయండి.

మీ
నేను


పండ్ల బజారు, మన కొట్టు

నా దొరసానికి,

క్షేమంగా చేరాను. కుడివైపే కూర్చున్నాను. టీ నువ్వు చెప్పినదానికంటే ఘోరంగా ఉంది.

ముందు పండ్ల సంగతి చెబుతాను. గేటు పడ్డాక బస్సు వెనక్కి తిప్పడానికి దారి తవ్వాల్సి వచ్చింది, మధ్యాహ్నం దాకా అందరం చౌకీలోనే ఇరుక్కుపోయాం. ఒళ్ళో పండ్లు చూస్తే అప్పటికే ఒకటి విచ్చింది. ఇంకో పూట ఆగవు. చౌకీలో జల్లెడ లేదు. బస్సులో ఉన్న ఇద్దరు టీచరమ్మలు, ఒక మేస్త్రీ, మీ డ్రైవరన్నయ్య చుట్టూ కూర్చుని వేళ్ళతోనే గింజలు తీశారు. డబ్బాలోని పాలలో కలిపి, టీ గ్లాసుల్లో పోసి, గేటు పక్కన మంచులో గుంతలు చేసి నిలబెట్టాం. చెంచా గుచ్చితే నిలబడింది. నేను ముట్టుకోలేదని రాస్తే నీకు గొప్పగా ఉంటుంది గాని, తిన్నాను. రెండు గ్లాసులు తిన్నాను. ఎన్నడూ ఇంత బాగా కుదరలేదు, అదే నా బాధ. మేస్త్రీ గ్లాసు ఖాళీ చేసి, "ఎవరికోసం తీసుకెళ్తున్నారండీ?" అని అడిగాడు. చెప్పాను. ఆ తర్వాత ఎవరూ ఇంకొంచెం వెయ్యమని అడగలేదు.

నువ్వు చేసింది సరైన పనే. ఆ రోజు బస్సు ఎక్కివచ్చినా ఏమీ అయ్యేది కాదేమో, ఎవరికి తెలుసు! అయినా సరైన పనే. నా మొహం మీద తలుపు నువ్వొక్కదానివే వేశానని కుమిలిపోకు. ఎందుకంటావా, విను.

చౌకీదారుకి జలుబు లేదు, మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. నేను ఎవరి మొగుడినో మీ డ్రైవరన్నయ్య ఆయనకు అప్పటికే చెప్పేశాడు. నేను టీ తాగుతుంటే మూలనున్న సెట్టు గరగరమంది, అందులోంచి నీ గొంతు వచ్చింది. ఎన్నాళ్ళయిందే ఆ గొంతు విని! ఏం చెబుతున్నావో కూడా ముందు పట్టించుకోలేదు, చెబుతున్నది నువ్వని తెలిసి ఊరికే నవ్వుకుంటూ నిలబడ్డాను. చౌకీదారు నా మొహం చూసి, మైకు నా చేతిలో పెట్టి, "అందింది అనండి. ఇంకొక్క మాట కూడా అనకండి సార్, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

చాలాసేపు ఏమీ వినపడలేదన్నావే, ఆ సేపంతా మైకు నోటి దగ్గర పెట్టుకునే ఉన్నాను. ఆ మాట అంటే గేటు పడుతుంది. అనకపోతే నువ్వు అక్కడ ఒక్కదానివే కూర్చుని ఎదురుచూస్తుంటావు. అన్నాను. నువ్వు పోల్చుకోలేదు, నాకే నా గొంతులా లేదు. మళ్ళీ చెప్పమన్నావు. మళ్ళీ చెప్పాను.

తర్వాత చౌకీదారు వెళ్ళి గేటు దించాడు. నేను మాత్రం సెట్టు దగ్గరే నిలబడ్డాను, మూడోసారి కూడా అడుగుతావేమోనని.

నీవాడు